దాతోంగ్ తొమ్మిది డ్రాగన్ల గోడ: అంత పెద్ద మట్టి బొమ్మని ఏ ఆములో కాల్చారు?

గోదారిగట్టు
చైనా డ్రాగన్ అని తెలుగులో వెతికితే వచ్చేవన్నీ పింగాణీ కూజాల మీద నీలంతో గీసిన బొమ్మలే. నాకు కావలసింది మట్టితో మలిచినవి. షాన్షీ రాష్ట్రం దాతోంగ్ ఊళ్లో తొమ్మిది డ్రాగన్ల గోడ ఉంది కదా, 1392లో కట్టింది. పొడవు 45.5 మీటర్లు, ఎత్తు 8, మందం 2 మీటర్ల పైన. ముందువైపంతా రంగు పూత పూసి కాల్చిన మట్టే. దాని గురించి రాసినవాళ్లంతా అద్భుతం, అపురూపం అని రెండు ముక్కలు రాసి వదిలేస్తున్నారు. నా ప్రశ్న ఒకటే. మట్టి కాలితే కుంచించుకుపోతుంది. ముక్కలుగా కాలిస్తే ఒక డ్రాగన్ మెడ, పక్క ముక్కలో ఉన్న దాని వీపు తిరిగి ఎలా కలిశాయి?

సారెచక్రం
కాల్చేది ముక్కల్నే, కానీ మలిచేది పూర్తి డ్రాగన్ని. కిటుకంతా అక్కడే ఉంది.

ఇలాంటి ఉబ్బెత్తు బొమ్మకి పద్ధతి ఇది. ముందు గోడంత బొమ్మ గీస్తారు, అసలు కొలత కంటే పెద్దది చేసి. మట్టి రకాన్ని బట్టి తడిగా ఉన్నప్పటి నుంచి కాలేదాకా వందకి 8 నుంచి 12 వంతులు తగ్గుతుంది. 10 వంతులు అనుకోండి, 45.5 మీటర్ల గోడ కావాలంటే 50 మీటర్లు దాటిన బొమ్మ మలచాలి. చదునుగా మట్టి పరిచి, దాని మీద డ్రాగన్లని ఎత్తుగా కట్టుకుంటూ వస్తారు. ఒంటి వంపు, కాళ్లు, మబ్బులు, అలలు అన్నీ ఒకే పరుపు మీద.

తర్వాత ఆరబెట్టాలి. గోరుతో నొక్కితే దిగకుండా గీత మాత్రమే పడే స్థితి రావాలి. అప్పుడు కోత. అంతకంటే తడిగా ఉంటే కోస్తుండగానే ముక్క వంగిపోతుంది, పూర్తిగా ఎండిపోతే అంచు పొడిపొడిగా రాలుతుంది. కోసిన ప్రతి ముక్కనీ వెనక నుంచి తొలిచి డొల్ల చేస్తారు. ముందు ఎంత ఎత్తుగా ఉన్నా మట్టి మందం అన్ని చోట్లా దాదాపు ఒకేలా మిగలాలి. లోపల అడ్డంగా ఒకటి రెండు గోడలు వదిలితే వంకరపోదు. వెనక వరస, స్థానం గీసి గుర్తు పెడతారు. గుర్తు పెట్టకపోతే కాలిన తర్వాత ఏ మబ్బు ఎక్కడిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. దాతోంగ్ గోడకి ఇలాంటివి 426 ముక్కలు.

నీలిగాజు
426 అంటే తక్కువే. అంత గోడకి వేలల్లో ఉంటాయనుకున్నా.

కొప్పుపెంకు
తక్కువ కాబట్టే ఒక్కో ముక్క పెద్దది, పెద్దది కాబట్టే కష్టం. బీజింగ్ రాజప్రాసాదంలో 1772 నాటి గోడ ఉంది చూడండి. 29.4 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల ఎత్తు, 270 ముక్కలు. డ్రాగన్ నుదురు గోడ మీంచి 20 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. అంత ఎత్తు తేడా ఉన్న ముక్కని సమంగా ఆరబెట్టడమే అసలు పని. అంచులు ముందు ఆరతాయి, నుదురు చివర ఆరుతుంది. అంచు బిగుసుకున్నాక నడుమ కుంచించుకుంటే నెర్రె తప్పదు. అందుకే అంచులకి తడిగుడ్డ చుట్టి నుదుటిని వదిలేయాలి. చాలామంది మొత్తం కప్పేస్తారు, దానివల్ల ఆలస్యం అవుతుందే గాని తేడా పోదు.

గోదారిగట్టు
@సారెచక్రం బాగా చెప్పారు. కానీ ఒక ముక్క వందకి 10 వంతులు, పక్కది 11 వంతులు తగ్గితే? అర మీటరు ముక్కకి అర సెంటీమీటరు తేడా. ఆ లెక్కన గోడ చివరికి వచ్చేసరికి తోక ఎక్కడో ఉంటుంది.

సారెచక్రం
ఆ తేడా తోక దాకా పోగవ్వనివ్వరు. ఒకే మట్టి, ఒకేసారి పిసికింది, ఒకే తడి. ఒక డ్రాగన్‌కి సగం ఈ మట్టి సగం ఆ మట్టి వాడకూడదు. మొదటి కాల్పు అయ్యాక, పూత వేయకముందే నేల మీద మొత్తం పరిచి చూస్తారు. ఎక్కువ ఉన్న అంచుని రాతితో అరగదీస్తారు. పూత వేయకముందే ఎందుకంటే పూత పడ్డ అంచుని అరగదీస్తే పెచ్చు లేస్తుంది. ముక్కల వెనక అంచు కొంచెం లోపలికి వాలి ఉంటుంది, అందుకే ముందు అంచు ఒక్కటీ తగిలితే చాలు. మిగిలిన మిల్లీమీటర్ల తేడా సున్నపు అతుకులో కలిసిపోతుంది.

బొమ్మలకొలువు
అచ్చులు పోసి ఉంటారు కదా? ఒక డ్రాగన్ అచ్చు చేసుకుంటే తొమ్మిదీ దింపొచ్చు. ఇంత శ్రమ దేనికి?

కొప్పుపెంకు
తొమ్మిదీ తొమ్మిది భంగిమలు. ఒకటి ఎదురుగా చూస్తుంది, ఒకటి తల వెనక్కి తిప్పి ఉంటుంది, ఒకటి కిందికి దూకుతుంది. అచ్చు ఒక్కసారే పనికొస్తే దాన్ని చేయడం దండగ. పైగా దవడ కింద, గోళ్ల కింద లోపలికి వెళ్లే గుంటలుంటాయి. మట్టి అచ్చులో ఇరుక్కుని పైకి రాదు.

అచ్చుతో తీసేవి వేరే ఉన్నాయి. ఇంటి కప్పు అంచు పెంకుల గుండ్రటి ముఖాల మీద చిన్న డ్రాగన్లు, అంచు పట్టీలు. బీజింగ్ బైహై ఉద్యానంలో 1756 నాటి గోడకి రెండు వైపులా తొమ్మిదేసి పెద్ద డ్రాగన్లు. చిన్నా పెద్దా కలిపి మొత్తం 635 అని లెక్క. ఆ వందల చిన్నవాటిని అచ్చు లేకుండా చేయరు, చేయాల్సిన పనీ లేదు.

చింతచెట్టు
అచ్చు సంగతి ఇంకా పాతది. చీన్ రాజుల శియెన్‌యాంగ్ ప్రాసాదం తవ్వకాల్లో డొల్ల ఇటుకలు దొరికాయి, వాటి మీద డ్రాగన్లు. ఆ తర్వాత వాంగ్ మాంగ్ చక్రవర్తి కాలంలో, అంటే క్రీస్తుశకం మొదటి శతాబ్దం తొలి ఏళ్లలో, రాజధాని చాంగాన్‌లో అంచు పెంకుల ముఖాల మీద నాలుగు దిక్కుల జంతువులు. తూర్పుకి పచ్చ డ్రాగన్. పేరుకే పచ్చ, పెంకు మాత్రం బూడిద రంగు, పూత లేదు. కాల్పు చివర్లో ఆము నోరు మూసి, పైనుంచి నీళ్లు వదిలి లోపలికి గాలి ఆడకుండా చేస్తే ఎర్రమట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. అరచేతి కంటే కాస్త పెద్ద గుండ్రంలో డ్రాగన్ మెడ, రెక్క, తోక ఇరికించిన తీరు చూస్తే ఆ అచ్చు చెక్కినవాడి చెయ్యి ఎంత గట్టిదో తెలుస్తుంది. నా మట్టుకు నాకు పెద్ద గోడల కంటే ఇవే ఇష్టం.

రెల్లుపువ్వు
నాకు గోడలే ఇష్టం. కానీ ఆ పచ్చ, పసుపు మెరుపు ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేదు ఇంకా.

పలుగురాయి
సీసం పూత. సోంగ్ రాజుల కాలంలో లి జియే 1103లో అచ్చు వేయించిన కట్టడాల పుస్తకం యింగ్‌చావ్ ఫాషిలో కొలతలతో సహా ఉంది. జిన్, లియాంగ్ అనేవి తూకాలు. మూడు జిన్‌ల సిందూరానికి, అంటే సీసాన్ని కాల్చి చేసిన పొడికి, మూడు లియాంగ్‌ల రాగి పొడి, ఒక జిన్ లోహె రాతి పొడి. లోహె రాయి అంటే మన పలుగురాయి లాంటిదే. జిన్‌కి 16 లియాంగ్‌లు కాబట్టి 48 పాళ్లు సిందూరం, 16 పాళ్లు రాయి, 3 పాళ్లు రాగి. వంద పాళ్లకి మార్చుకుంటే దాదాపు 72, 24, 4. ఇది పచ్చ పూత.

ఎవరి పని ఏమిటంటే, గాజు అయ్యేది రాయి. ఒంటరిగా కరగాలంటే దానికి 1700 డిగ్రీలు కావాలి. సీసం దాన్ని 900 లోపే కరిగిస్తుంది. రంగు రాగిది. రాగి బదులు ఇనుప తుప్పు మూడు నాలుగు పాళ్లు వేస్తే పసుపు, కోబాల్టు చిటికెడు వేస్తే నీలం, మాంగనీసు వేస్తే వంకాయ రంగు.

కాల్పు రెండుసార్లు. మొదటిది 1000 దాటి, మట్టి గట్టిపడటానికి. రెండోది 900 చుట్టుపక్కల, పూత కరగడానికి. ఒక్కసారే కానిస్తే మట్టిలోంచి వచ్చే ఆవిరి, పొగ కరిగిన పూతని పొడుచుకుని బయటికి వస్తాయి, పూత నిండా సూది బెజ్జాలు పడతాయి. రెండో కాల్పులో పొగ అసలు రాకూడదు. గాలి చాలకపోతే సీసం లోహంగా విడిపోయి పూత నల్లబడుతుంది, రాగి పచ్చ కూడా చెడుతుంది.

నీలిగాజు
నెమలి కంఠం రంగు? షాన్షీ బొమ్మల మీద ఉండే ఆ నీలిపచ్చ?

పలుగురాయి
అదీ రాగే. కానీ సీసం బదులు సురేకారం వేస్తారు. సీసంతో కలిస్తే రాగి ఆకుపచ్చ, సురేకారంతో కలిస్తే నెమలి నీలం. షాన్షీలో మింగ్ రాజుల కాలపు ఫాహువా అనే రంగు పూత సామాను మొత్తం ఈ సురేకారం పూత మీదే నడిచింది. ఒక తంటా ఏమిటంటే సురేకారం నీళ్లలో కరుగుతుంది. పచ్చి పూతలో కలిపితే తడి ఆరేటప్పుడు అంచులకి చేరుకుంటుంది. అందుకే ముందే రాతి పొడితో కలిపి కరిగించి, గాజు చేసి, దంచి, ఆ పొడి వాడుకోవడం మేలు. ఈ పూత పెచ్చులుగా లేవడం కూడా ఎక్కువే, పాత ఫాహువా సామానులో పూత ఊడిన మచ్చలు తరచుగా కనిపిస్తాయి.

బొమ్మలకొలువు
పసుపు డ్రాగన్ ఒంటి రంగు పక్కనున్న నీలం మబ్బులోకి కారదా? సీసం పూత నీళ్లలా పారుతుంది కదా.

సారెచక్రం
పారుతుంది. తాంగ్ రాజుల కాలపు (7 నుంచి 10వ శతాబ్దం) మూడు రంగుల గుర్రాలు, ఒంటెలు చూడండి, అక్కడ ఆ కారడాన్నే అందంగా వాడుకున్నారు. పూత కిందికి వచ్చి అడుగుభాగానికి పైనే ఆగుతుంది. మనుషుల బొమ్మలకి ముఖం మీద మాత్రం తరచూ పూతే వేయరు, కాల్చాక రంగులు దిద్దుతారు, లేకపోతే కళ్లు ముక్కు కరిగినట్టు అయిపోతాయి. డ్రాగన్ గోడకి అది కుదరదు. మూడు జాగ్రత్తలు పడాలి. రెండు రంగుల మధ్య లోతైన గాడి గానీ సన్నటి మట్టి గట్టు గానీ ఉండాలి, ఫాహువా సామానులో ఆ గట్టునే అలంకారం చేసేశారు. ముక్క వీలైనంత వెల్లకిలా పడుకుని కాలాలి. పూత పలచగా వేయాలి, పొలుసుల గుంటల్లో నిండేంత వేస్తే పొలుసు కనపడదు.

కోత గీత కూడా రంగు మారే చోటే పెడితే సగం బాధ పోతుంది. డ్రాగన్ ఒంటి అంచు వెంబడి, మబ్బు అంచు వెంబడి. అతుకు గీత బొమ్మ గీతలో కలిసిపోతుంది. ముఖం మీద మాత్రం కత్తి పెట్టకూడదు.

కొప్పుపెంకు
రాజప్రాసాదం గోడలో చూస్తే తెలుస్తుంది, ముక్కల గీతలు డ్రాగన్ ముఖాల్ని తప్పించుకుంటూ పోతాయి. కోతలకి స్థలం చూసుకున్నాకే భంగిమ ఖాయం చేశారని నా నమ్మకం.

చింతచెట్టు
అదే గోడలో తూర్పు నుంచి మూడో డ్రాగన్, తెల్లది. పొట్ట కింద ఒక ముక్క మట్టి కాదు, చెక్క. ఆము నుంచి తీసి అమర్చేటప్పుడు ఒక ముక్క పగిలిందనీ, మళ్లీ కాల్చే వ్యవధి లేక వడ్రంగి రాత్రికి రాత్రి చెక్కతో చెక్కి తెల్ల రంగు వేశాడనీ కథ చెబుతారు. కథ ఎంతవరకు నిజమో గాని చెక్క ముక్క అయితే ఉంది. రంగు వెలిసిపోయి ఇప్పుడు తేలిగ్గా కనిపెట్టేస్తారు.

రెల్లుపువ్వు
రాజుగారు చూడలేదా?

చింతచెట్టు
కథలో చూడలేదు. చెక్క పనివాడికి అందరూ ఒక దండం పెట్టాల్సిందే.

గోదారిగట్టు
దాతోంగ్ డ్రాగన్లకి నాలుగే గోళ్లు. చైనా డ్రాగన్ అంటే ఐదు గోళ్లని ప్రతి చోటా రాస్తారే?

చింతచెట్టు
ఐదు గోళ్లు చక్రవర్తివి. దాతోంగ్ గోడ రాజకుమారుడిది. మింగ్ వంశం స్థాపించిన జు యువాన్‌జాంగ్ 13వ కొడుకు జు గుయ్ కోట ముందు కట్టారు. కోట మింగ్ పాలన చివర్లో తగలబడిపోయింది, ఒకసారి నిప్పులో కాలి వచ్చినదే కాబట్టి గోడ నిలిచింది.

నియమం అంతకంటే పాతది. మింగ్‌కి ముందున్న యువాన్ వంశం కాలంలో 1314లో ఇచ్చిన ఆజ్ఞలో నిషేధించిన డ్రాగన్ అంటే ఐదు గోళ్లు, రెండు కొమ్ములు ఉన్నదని స్పష్టంగా చెప్పారు. తాంగ్, సోంగ్ డ్రాగన్లకి ఎక్కువగా మూడే గోళ్లు. అంచేత తాంగ్ కాలపు బొమ్మ అని ఎవరైనా ఐదు గోళ్ల డ్రాగన్ చూపిస్తే అనుమానించాలి. కానీ గోళ్ల లెక్కతోనే కాలం తేల్చేయకండి. విరిగిన కాళ్లు తర్వాతివాళ్లు అతికించినవి చాలా ఉంటాయి. మెడ చూడండి, పుర్రె ఆకారం చూడండి. యువాన్ డ్రాగన్‌కి చిన్న తల, సన్నటి పొడుగు మెడ, పాము ఒళ్లు. మింగ్ తర్వాతి చింగ్ వంశం కాలానికి తల వెడల్పయి, ముఖం నిండా జూలు వచ్చేసింది.

నీలిగాజు
కొనేవాళ్లకి ఇంకొక మాట. పాత సీసం పూత మీద వెండి పొరలా మెరుపు ఉంటే రెండు వేల ఏళ్ల నాటి హాన్ కాలపుదని నమ్మేస్తున్నారు. తడి సమాధిలో సీసం పూత శతాబ్దాల పాటు నాని పొరలు పొరలుగా మారితే వచ్చేదే ఆ మెరుపు, నిజమే. కానీ ఆమ్లంతో కూడా దొంగ మెరుపు తెప్పించొచ్చు. చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే కాంతి పరీక్ష ఉంది, చిన్న బెజ్జం చేసి చిటికెడు పొడి తీస్తారు. ఒకే చోట తీస్తే ఉపయోగం లేదు. తల నుంచి ఒకటి, ఒంటి నుంచి ఒకటి, కాలి నుంచి ఒకటి తీయమనండి.

బొమ్మలకొలువు
చిన్న బొమ్మల సంగతికి వద్దాం. డ్రాగన్ తల లోపల గాలి చిక్కుకుంటే ఆములో పేలుతుంది, అందుకే గట్టిగా మట్టి నింపేయాలి అని నేర్పుతారు. సరైనదేనా?

సారెచక్రం
పేల్చేది నీరు, గాలి కాదు. మట్టిలో మిగిలిన తడి 100 డిగ్రీల దగ్గర ఆవిరై, బయటికి రావడానికి దారి లేక గోడని పగలగొడుతుంది. మందమైన మట్టి ముద్ద లోపల తడి ఎక్కువ దాగుతుంది కాబట్టి నింపేసిన తలే ముందు పేలుతుంది. డొల్ల చేసి, దవడ కింద కనపడని చోట ఒక బెజ్జం పెడితే చాలు. వేలి మందం కంటే మట్టి ఎక్కడా ఎక్కువ ఉండకూడదు. అంతకంటే మందం తప్పకపోతే కాల్చిన పెంకుని దంచి జల్లించిన పొడి, మట్టిలో నాలుగో వంతు కలపండి. ఆవిరికి దారి దొరుకుతుంది, కుంచించుకోవడమూ తగ్గుతుంది. 120 డిగ్రీలు దాటేవరకు మంట చాలా నెమ్మదిగా పెంచాలి. 573 దగ్గర మళ్లీ జాగ్రత్త, పలుగురాయి ఉన్నట్టుండి ఉబ్బేది అక్కడే. చల్లారేటప్పుడు కూడా ఆ మెట్టు మెల్లగా దాటాలి.

నీలిగాజు
లోంగ్‌చువాన్ ఊరి ఆముల్లో కాల్చిన జోడు కూజాల సంగతి ఎవరూ ఎత్తలేదే. దక్షిణ సోంగ్ కాలం, సమాధిలో జంటగా పెట్టేవి. ఒకదాని భుజం చుట్టూ డ్రాగన్ చుట్టుకుని ఉంటుంది, ఇంకోదానికి పులి. అవి సీసం కాదు, 1200 చుట్టుపక్కల గాలి తగ్గించి కాల్చిన ఆకుపచ్చ పూత. ఇనుమే ఆ రంగు ఇస్తుంది. పూత మందం వల్ల పొలుసులు మెత్తబడి, వీపు గట్టు మీద మాత్రం పలచబడి తెల్లటి గీత తేలుతుంది. ఆ గీతని ముందే లెక్కలో పెట్టుకుని వీపుని పదునుగా నొక్కినవాళ్ల పనితనం ముందు గోడలు నాకు కాస్త అరుపులా అనిపిస్తాయి.

రెల్లుపువ్వు
@నీలిగాజు గోడని అరుపంటారా! 45 మీటర్ల దూరం వినపడాలంటే అరవాల్సిందే.

బొమ్మలకొలువు
కూజా చుట్టూ చుట్టిన డ్రాగన్ ఆరేటప్పుడు ఊడిపోతుంది, అదే ఇబ్బంది. తాంగ్ కాలపు తెల్ల కూజాల్లో రెండు డ్రాగన్లు పిడులుగా ఉండి మూతి అంచుని కొరుకుతుంటాయి, అవి ఎలా నిలిచాయి?

కొప్పుపెంకు
కూజా తడి, పిడి తడి ఒకటే అయి ఉండాలి. సారె మీంచి తీసిన కూజా కొంచెం గట్టిపడ్డాక, పిడికి చుట్టిన మట్టి తీగ కూడా అంతే గట్టిపడ్డాక అతకాలి. రెండు వైపులా గాట్లు గీకి, అదే మట్టిని చిక్కటి అడుసు చేసి రాసి నొక్కాలి. అడుసుకి వేరే మట్టి వాడితే అతుకు దగ్గరే ఊడుతుంది. సన్నటి పిడి ముందే ఆరిపోతుంది, కూజా ఇంకా కుంచించుకుంటూ ఉంటుంది, అందుకే పిడికి తడిగుడ్డ చుట్టి ఉంచాలి. పిడి రెండు కొసలూ బిగుసుకుని ఉంటాయి కాబట్టి పగులు ఎప్పుడూ మూతి దగ్గర, డ్రాగన్ దవడ దగ్గరే వస్తుంది.

పెద్దదానికి వస్తే, ఇంటి కొప్పు చివర నోరు తెరిచి కొప్పుని మింగే చివెన్ ఉంది. బీజింగ్ రాజప్రాసాదంలోని తాయ్‌హె మందిరం మీద అది 3.4 మీటర్ల ఎత్తు, 13 ముక్కలు, బరువు 4.3 టన్నులు. అలంకారం ఒక్కటే కాదు, కప్పు వాలులు కొప్పుతో కలిసే చోట నీరు దిగకుండా మూత అది. కింద మూలల వెంట వరసగా కూర్చున్న చిన్న జంతువుల్లోనూ డ్రాగన్ ఉంటుంది, ముందున్న సవారీ మనిషి తర్వాత మొదటిది అదే. జారిపోకుండా పెంకుల్లోంచి దిగేసిన మేకుల తలలకి వాన తగలకుండా ఆ బొమ్మలు మూతలు. మేకు తుప్పు పడితే ఉబ్బి పెంకుని చీలుస్తుంది.

గోదారిగట్టు
చివెన్ మన మకర తోరణంలో మకరంలా ఉందే, అదే నోరు తెరవడం.

చింతచెట్టు
ఆ పోలిక పండితులు కూడా ఎత్తారు. బౌద్ధంతో పాటు మకరం చైనా చేరి, అంతకుముందు పక్షి తోకలా ఉన్న కొప్పు చివరని తాంగ్ కాలం చివరి నుంచి నోరున్న చేపగా, డ్రాగన్‌గా మార్చిందని ఒక వాదన. ఆకారాలు చూస్తే నాకు నమ్మబుద్ధవుతుంది.

రెల్లుపువ్వు
ఇక్కడ దగ్గర్లో చూడ్డానికి ఏమైనా ఉందా?

నీలిగాజు
హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగం ఉంది, పింగాణీ అక్కడ దగ్గరగా చూడొచ్చు. నెల్లూరు తీరంలో కొత్తపట్నం తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. ఈ గోడల లాంటి కట్టడపు పనికి మాత్రం షాన్షీ, బీజింగ్ వెళ్లాల్సిందే.

గోదారిగట్టు
60 సెంటీమీటర్ల పలక మీద ఒక డ్రాగన్ చేద్దామని ఉంది. చిన్న విద్యుత్ ఆము, లోపలి వెడల్పు 35 సెంటీమీటర్లు. ఎక్కడ కోయాలి? పూత యింగ్‌చావ్ ఫాషి లెక్కన కలపొచ్చా?

పలుగురాయి
సిందూరం ఇంట్లో ముట్టుకోవద్దు. పొడి పీల్చినా, కాల్చేటప్పుడు ఆవిరి పీల్చినా సీసం ఒంట్లో చేరుతుంది. సీసం లేని, ముందే కరిగించి దంచిన పారదర్శకపు పూత పొడి దొరుకుతుంది, దానికి వందకి మూడు పాళ్లు రాగి ఆక్సైడ్ కలపండి. రంగు అచ్చం అదే రాదు, కాస్త నీలం తిరుగుతుంది. పసుపుకి ఇనుప ఆక్సైడ్ నాలుగు పాళ్లు. ముందు చేతివేలంత పెంకు ముక్కల మీద, అదే మట్టితో చేసి, నిలబెట్టి కాల్చి చూడండి. కారేది అక్కడే తెలిసిపోతుంది.

సారెచక్రం
పలకని 67 సెంటీమీటర్లకి మలచండి, కాలాక 60 అవుతుంది. నిలువుగా తిన్నగా కోయకండి, 35 దాటకుండా మూడు ముక్కలు చాలు. తల, మెడ ఒక ముక్క. ముందుకాలి చంక దగ్గర ఒంటి అంచు పట్టుకుని మబ్బు మీదుగా పలక అంచుకి దిగే వంకర కోత ఒకటి. రెండోది తోక మొదలు దగ్గర, అల మడతలోంచి. ఒంటిని దాటక తప్పని చోట పొలుసుల వరస వెంబడి కోయండి, అడ్డంగా కాదు. కత్తి కంటే సన్నటి తీగ మేలు, మట్టి తక్కువ పోతుంది. ఆములో మూడింటినీ ఒకేసారి, ఒకే అంతస్తులో పెట్టండి. పై అరకి, కింది అరకి వేడిలో తేడా ఉంటే తల ఒక కొలత, తోక ఒక కొలత అవుతాయి.

కొప్పుపెంకు
కోసే ముందు పలక కింద ఇసుక చల్లండి, లేకపోతే అడుగు బల్లకి అంటుకుని కుంచించుకోలేక నడిమికి చీలుతుంది. కొమ్ములు, మీసాలు విడిగా చేసి బెజ్జంలో దిగేలా మొన పెట్టి కాల్చుకోండి, అతికేది చివర్లో. చివెన్ మీద కత్తి పిడి లాంటి ముక్క కూడా అలా విడిగా దిగేసిందే.

గోదారిగట్టు
బొమ్మ కాగితం మీద గీసి కోత గీతలు ఎర్ర పెన్సిల్‌తో పెట్టి ఇక్కడ పెడతా. మట్టి పిసికే ముందే ముఖం మీద ఎక్కడైనా గీత పడిందేమో చెప్పండి.